మే నెల డ్రమ్ములో ఆగస్టు జ్వరం

రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగులుతాయంటారు. రోళ్లే పగిలే ఎండలో దోమలు బతుకుతాయా అన్నది మనలో చాలామంది ధీమా. చెరువు ఎండింది, పెరట్లో గుంటలు ఎండాయి, వీధిలో ఎక్కడా చుక్క నీరు నిలవలేదు. దోమల సంగతి వానలు పడ్డాక చూసుకుందాంలే అనుకుంటాం. మున్సిపాలిటీలూ దాదాపు అదే లెక్కన నడుస్తాయి. జులై, ఆగస్టుల్లో జ్వరాల వార్డులు నిండాక పొగ బండ్లు వీధుల్లోకి వస్తాయి. అప్పటికి ఆలస్యమైపోతుందని చెప్పడానికే ఈ వారం ఈ సంపాదకీయం. డెంగీ దోమ కథ తొలకరి వానతో కాదు, అంతకు రెండు మూడు నెలల ముందు కుళాయిలో నీళ్లు రాని రోజున మొదలవుతుంది.

నీళ్లు రాకపోతే ఏం జరుగుతుంది? రోజు విడిచి రోజు నల్లా వచ్చే కాలనీలో ఇంట్లో ఉన్న పాత్రలన్నీ బయటికొస్తాయి. బిందెలు, బకెట్లు, నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ములు, స్నానాల గదిలో సిమెంటు తొట్టి, మేడ మీద పాత గంగాళం. మూడు నాలుగు రోజులకోసారి వచ్చే చోట అవీ చాలవు. ట్యాంకర్లు తెప్పించుకునే అపార్ట్‌మెంట్లలో సంపు మూత తీసి తీసి చివరికి పక్కనే పడి ఉంటుంది. వానాకాలంలో నీరు ఊరంతా పరుచుకుని ఉంటుంది. ఎండాకాలంలో ఆ నీరంతా మన గడప లోపలికి వస్తుంది. నీడలో, శుభ్రంగా, మూత లేకుండా, మనుషుల పక్కనే. ఏడిస్ ఈజిప్టై అనే దోమకు కావలసినవి సరిగ్గా ఈ నాలుగే. కాళ్ల మీద తెల్లచారలతో, పగటిపూట పెద్దగా చప్పుడు లేకుండా కుట్టిపోయే ఈ దోమే డెంగీనీ చికున్‌గన్యానూ మోసుకొస్తుంది.

దీని గుడ్ల సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. అసలు కిటుకంతా అక్కడే ఉంది. చాలా రకాల దోమలు నీటి మీదే గుడ్లు పెడతాయి. ఏడిస్ మాత్రం నీటి మట్టానికి కాస్త పైన, తడిగా ఉన్న గోడకు గుడ్లను అంటిస్తుంది. ఆవగింజ కన్నా ఎంతో చిన్నవి. మసి చుక్కల్లా నల్లగా ఉంటాయి, కళ్లు చిట్లించి చూస్తే తప్ప కనిపించవు. నీరు తగ్గితే అవి ఎండుతాయి, చావవు. నెలల తరబడి అలాగే గోడను కరుచుకుని ఉంటాయి. ఆరు నెలలైనా వాటిలో ప్రాణం ఉండగలదు. మళ్లీ నీరు పెరిగి వాటిని ముంచిన రోజున పొదుగుతాయి. పొదిగిన లార్వా రెక్కలొచ్చి ఎగరడానికి మన వాతావరణంలో వారం, పది రోజులు చాలు.

ఇప్పుడు ఇంట్లో డ్రమ్మును చూడండి. సోమవారం నింపుతాం. వాడేకొద్దీ మట్టం దిగుతుంది, తడి గోడ బయటపడుతుంది, దోమ అక్కడ గుడ్లు పెట్టి పోతుంది. బుధవారమో శుక్రవారమో మళ్లీ నీళ్లొస్తాయి. మట్టం పెరుగుతుంది, గుడ్లు మునుగుతాయి. నీళ్లెప్పుడొస్తాయో నమ్మకం లేదు కాబట్టి డ్రమ్మును ఎవరూ పూర్తిగా ఖాళీ చేయరు. అడుగున నాలుగు చెంబుల నీళ్లు అట్టే పెట్టుకుంటారు. ఆ నాలుగు చెంబుల్లోనే లార్వాలు పెరుగుతాయి. బయట చినుకు లేకపోయినా, నీటి ఎద్దడి ఉన్న ఇంటి డ్రమ్ములో రెండు రోజులకోసారి చిన్న వాన కురుస్తున్నట్టే.

అలాగైతే డెంగీ మే నెలలోనే ఎందుకు విరుచుకుపడదని అడగవచ్చు. ఎండ దాని పని అది చేస్తూనే ఉంటుంది. 42, 43 డిగ్రీల వేడిలో, పొడిగాలిలో రెక్కలొచ్చిన దోమ ఎక్కువ రోజులు బతకలేదు. డెంగీ రోగిని కుట్టిన దోమ ఆ వెంటనే ఇంకొకరికి జబ్బు అంటించలేదు కూడా. వైరస్ దాని పొట్టలోంచి లాలాజల గ్రంథులకు చేరడానికి సుమారు 8 నుంచి 12 రోజులు కావాలి. ఆలోగా దోమ చస్తే గొలుసు తెగిపోతుంది. మృగశిర వచ్చి తొలకరి పడి, పగటి వేడి 30, 32 డిగ్రీలకు దిగి, గాలిలో తేమ పెరిగితే ఆ దోమకే ఆయుష్షు పెరుగుతుంది. ఒకసారి వైరస్ చేరిన దోమ బతికున్నన్నాళ్లూ దాన్ని పంచుతూనే ఉంటుంది. ఎండ దోమ ప్రాణం తీయగలదేమో గానీ దాని విత్తనాన్ని తుడిచిపెట్టలేదు. పైగా దాహం వేసిన దోమ మరింతగా కుడుతుంది. అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో దీన్ని ప్రయోగాల్లో చూపించారు. ఒంట్లో నీరు తగ్గిన ఆడ దోమలు మామూలు దోమల కన్నా చురుగ్గా తిరిగి, ఎక్కువగా రక్తానికి ఎగబడ్డాయి.

ఇక కరువుకు బలయ్యేది దోమ కాదు, దోమను తినేవి. చెరువుల్లో, కుంటల్లో తూనీగ పిల్లలు, నీటి పురుగులు, చిన్న చేపలు, కప్ప పిల్లలు ఉంటాయి. తూనీగ రెక్కలు రాకముందు నీటి అడుగునే బతుకుతుందనీ, అప్పుడు దాని ఆహారంలో దోమ లార్వాలూ ఉంటాయనీ మన పిల్లలకు ఎవరూ చెప్పరు. కుంట ఎండితే ఈ బలగమంతా పోతుంది. తిరిగి నీళ్లు నిండినప్పుడు ముందు వచ్చేది దోమ. పది రోజుల్లో ఒక తరం పూర్తిచేసేస్తుంది. తూనీగ పిల్ల ఎదగడానికి నెలకు పైనే పడుతుంది. అమెరికా శాస్త్రవేత్తలు జొనాథన్ చేజ్, టిఫనీ నైట్ 2003లో ప్రచురించిన పరిశోధన ఇదే చెప్పింది. అరుదుగా ఎండే చిత్తడి నేలలు ఒక ఏడాది కరువుకు ఎండిపోతే, నీళ్లొచ్చిన మరుసటి ఏడాది అక్కడ దోమలు ఒక్కసారిగా పెరిగాయి. ఏటా నీళ్లుండే చెరువులో ఆ ఉప్పెన లేదు, ఎందుకంటే వాటిని తినేవి అక్కడే ఉన్నాయి. ఊరి చెరువును పూడ్చేస్తే దోమల బెడద పోతుందని వాదించేవాళ్లు ఈ సంగతి ఒకసారి ఆలోచించాలి.

కరువుకూ డెంగీకీ ఉన్న ఈ చుట్టరికం మన ఒక్కరి అనుభవం కాదు. బ్రెజిల్‌లో 2001 నుంచి 2019 వరకు నమోదైన డెంగీ కేసులను వర్షపాతంతో పోల్చి చూసిన అధ్యయనం ఒకటి 2021లో లాన్సెట్ ప్లానెటరీ హెల్త్ పత్రికలో వచ్చింది. వానలు ఎక్కువగా పడితే ఆ తర్వాత మూడు నెలల్లోపు ముప్పు పెరిగింది. ఇది అందరూ ఊహించేదే. తీవ్రమైన కరువు వచ్చిన మూడు నుంచి ఐదు నెలల తర్వాత కూడా ముప్పు పెరిగింది. అదీ ముఖ్యంగా పట్టణాల్లో, నీటి సరఫరాకు తరచూ అంతరాయం కలిగే చోట్ల. మన క్యాలెండర్‌లో ఏప్రిల్‌కు నాలుగు నెలలు కలిపి చూడండి.

మలేరియా వ్యవహారంలోనూ ఇలాంటి మలుపే ఉంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసిన చరిత్ర మనకు గర్వకారణం. మలేరియా మోసే అనాఫిలిస్ దోమల్లో స్టీఫెన్సై అనే రకానికి మన పట్టణాల మేడలంటే ఇష్టం. ఓవర్‌హెడ్ ట్యాంకులు, బావులు, నిర్మాణం జరిగే భవనాల దగ్గర నీటి తొట్లు దాని పుట్టిళ్లు. దక్షిణాసియాకు చెందిన ఈ దోమ 2012లో ఆఫ్రికాలోని జిబూటిలో కనిపించింది. ఆ ఏడాది ఆ చిన్న దేశంలో నమోదైన మలేరియా కేసులు 27. 2020 నాటికి 73 వేలు దాటాయి. పక్కనున్న ఇథియోపియాలో డైర్ దావా నగరంలో 2022లో మలేరియా ఒక్కసారిగా పెరిగింది, అదీ వానలు లేని కాలంలో. మలేరియా అంటే వానాకాలం జబ్బు అని నమ్మిన అక్కడి వైద్యులకు అది కొత్త పాఠం. మనకు కాకూడదు. ఆ దోమ మన దగ్గరిదే.

వాన గురించి కూడా ఒక మాట. రేడియోలో, టీవీలో చెప్పే వర్షపాతం దోమకు అంతగా పట్టదు. అనంతపురంలో ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్లు పడుతుంది, హైదరాబాద్‌లో 800 మిల్లీమీటర్ల దాకా. ఆ అంకెలతో రైతుకు పని ఉంటుంది. దోమకు మీ మేడ మీద వాన చాలు. మే నెలలో ఒక సాయంత్రం గాలిదుమారంతో అరగంట కురిసిన మామిడి జల్లు కూకట్‌పల్లిని తడిపి ఎల్బీనగర్‌ను వదిలేస్తుంది. తడిసిన చోట పాత టైర్లలో, కొబ్బరి బొండాల డొప్పల్లో, పూలకుండీల కింద పళ్లేల్లో నీళ్లు నిలుస్తాయి. పోయిన ఏడాది అక్కడ అంటుకున్న గుడ్లు అన్నీ ఒకేసారి లేస్తాయి. కుండపోత వాన నిజానికి దోమకు అంత మంచిది కాదు. డబ్బాలు పొంగి పొర్లితే లార్వాలు కొట్టుకుపోతాయి. రాత్రిళ్లు చెవి దగ్గర జుయ్యిమనే క్యూలెక్స్ దోమలకు పుట్టిల్లయిన మురుగు కాల్వలు కూడా జోరు వానకు కడిగినట్టవుతాయి. ఆ దోమలు ఎండల్లో, మురుగు కదలకుండా చిక్కబడినప్పుడే ఎక్కువ. భయపడాల్సింది ఒక వాన పడి, పది రోజులు తెరిపినిచ్చి, మళ్లీ ఇంకో జల్లు పడే జూన్, జులైలకు. తొలకరికీ నాట్ల వానకూ మధ్య రైతు ఆకాశం వైపు చూసే ఆ రోజులే దోమకు పండగ.

తొలకరితో వచ్చే పురుగులన్నిటినీ ఒకే గాటన కట్టి భయపడాల్సిన పనిలేదు. దీపం చుట్టూ ముసిరే ఉసిళ్లు రెక్కలొచ్చిన చెదపురుగులు, అవి ఎవరినీ కుట్టవు. లైటు ఆర్పేస్తే పోతాయి. ఆరుద్ర కార్తెలో ఎర్రటి మఖమల్ ముక్కల్లా నేల మీద పాకే ఆరుద్ర పురుగులు మనిషికి హాని చేయవు. పిల్లలు అగ్గిపెట్టెల్లో దాచుకోకుండా చూస్తే చాలు. వేసవిలో కుళాయి దగ్గరికీ కూలర్ దగ్గరికీ వచ్చే తేనెటీగలు నీళ్ల కోసం వస్తాయి, వాటి మానాన వాటిని వదిలేయాలి. జాగ్రత్త పడాల్సింది మాత్రం ఒకటుంది. వానలు మొదలయ్యాక రాత్రి లైట్ల దగ్గరికి వచ్చే, పొడుగాటి చీమలా సన్నగా, నలుపు, నారింజ పట్టీలతో ఉండే పిడెరస్ పురుగు. అది కుట్టదు. ఒంటి మీద వాలినప్పుడు నలిపితే దాని ఒంట్లోని రసం చర్మాన్ని కాలినట్టు చేస్తుంది. తెల్లారేసరికి గీత గీసినట్టు మంట, బొబ్బలు. చాలామంది దాన్ని సర్పి అనుకుని కంగారు పడతారు. నలపకుండా ఊదేయాలి. నలిగితే వెంటనే సబ్బునీళ్లతో కడగాలి, ఆ చేత్తో కళ్లు నలుపుకోకూడదు.

మళ్లీ డెంగీకి వద్దాం. పొగ బండి మీద మనకున్న నమ్మకం దాని సత్తాను మించినది. ఆ పొగ ఆ సమయానికి గాలిలో ఎగురుతున్న దోమలను చంపుతుంది, అంతే. గుడ్లకూ లార్వాలకూ ఏమీ కాదు. ఏడిస్ దోమ ఎక్కువగా ఇంటి లోపల, మంచం కింద, వేలాడదీసిన బట్టల వెనుక విశ్రాంతి తీసుకుంటుంది. బండి వచ్చినప్పుడు మనం తలుపులు బిగించుకుంటాం. కేసులు పెరిగినప్పుడు పొగ అవసరమే కావచ్చు. ఆగస్టులో పొగకు పెట్టే ఖర్చులో కొంత ఏప్రిల్, మే నెలల్లో డ్రమ్ముల మూతలకూ, ఇల్లిల్లూ తిరిగే సిబ్బందికీ పెడితే ఫలితం ఎక్కువ ఉంటుందన్నది మా అభిప్రాయం. అంతకన్నా ముందు చేయాల్సింది నీటి సరఫరాకు ఒక వేళ పెట్టి, ఆ వేళను పాటించడం. ఫలానా రోజు ఫలానా గంటకు నీళ్లొస్తాయని నమ్మకం ఉంటే ఏ ఇల్లాలూ ఏ ఇంటాయనా నాలుగు డ్రమ్ములు నింపిపెట్టుకోరు. నీటి సరఫరా విభాగం కాగితాల మీద ఇది కనిపించదు గానీ, కుళాయి వేళ తప్పడం కూడా ఆరోగ్య సమస్యే.

ఈ పేజీ చదివే కుటుంబాల్లో చాలావరకు ట్యాంకుకు మూత, కిటికీలకు జాలీ ఉంటాయి. అంతమాత్రాన నిశ్చింత లేదు. ఏడిస్ దోమ దూరం ఎగిరే రకం కాదు. పుట్టిన చోటు నుంచి సాధారణంగా వంద, రెండు వందల మీటర్లలోపే తిరుగుతుంది. అంటే మీ ఇంట్లో పిల్లాడిని కుట్టిన దోమ మీ భవనంలోనో పక్క భవనంలోనో పుట్టింది. సెల్లార్‌లో మెట్ల కింద వాచ్‌మన్ కుటుంబం నీళ్లు పట్టుకునే డ్రమ్మును ఒకసారి చూడండి. ఐదంతస్తులకూ మోటారు నీళ్లు పైకి ఎక్కుతాయి, ఆ కుటుంబానికి మాత్రం సొంత కుళాయి ఉండదు. ‘తొట్టి కడుక్కో’ అని వాళ్లకు చెప్పడం తేలిక. నాలుగు రోజులకోసారి నీళ్లు దొరికే మనిషి పట్టుకున్న నీళ్లను ఎలా పారబోస్తాడు? అసోసియేషన్ మీటింగుల్లో పార్కింగ్ గొడవలకు పట్టే సమయంలో పదో వంతు చాలు, వాళ్లకొక కుళాయి, ఒక మూతా ఏర్పాటు చేయడానికి. అది దయాదాక్షిణ్యాల కింద లెక్క కాదు. ఆ డ్రమ్ముకూ మీ మొదటి అంతస్తు పడకగదికీ మధ్య దూరం పది మీటర్లు.

నీళ్లు పారబోయకుండా కూడా పని జరుగుతుంది. వారానికోసారి డ్రమ్ములోని నీళ్లను శుభ్రమైన గుడ్డతో వడకట్టి ఇంకో పాత్రలోకి తీయాలి. లార్వాలు గుడ్డలో చిక్కుతాయి. ఖాళీ డ్రమ్ము లోపలి గోడలను పీచుతోనో బ్రష్షుతోనో గట్టిగా రుద్దాలి. తొలిపి పారబోస్తే చాలదు, గోడకు అంటుకున్న గుడ్లు రుద్దితేనే ఊడతాయి. ఆ కడిగిన నీటిని ఎండిన నేల మీద పోసి, తీసిపెట్టిన నీళ్లు తిరిగి నింపుకోవచ్చు. మూత దొరకకపోతే పాత పంచె ముక్క కప్పి తాడుతో బిగించినా సరిపోతుంది, నడుమ పల్లంగా కుంగి నీళ్లు నిలవకుండా చూసుకోవాలి. శుక్రవారం డ్రై డే అని ప్రభుత్వాలు ఎప్పటినుంచో చెబుతున్నాయి. ఏ వారమన్నది ముఖ్యం కాదు, రెండు కడుగుళ్ల మధ్య ఏడు రోజులు దాటకూడదు. పిచ్చుకలకని మేడ మీద పెట్టే నీళ్ల మూకుడును తీసేయాల్సిన పనిలేదు, రోజూ కడిగి కొత్త నీళ్లు పోస్తే పిచ్చుకకూ మంచిదే. ఓవర్‌హెడ్ ట్యాంకు మూత సరే, దాని పొర్లు గొట్టానికి సన్న జాలీ కట్టడం చాలామంది మర్చిపోతారు. అన్నిటికన్నా పెద్ద దొంగ కూలర్. వానలు పడగానే ప్లగ్గు తీసి బాల్కనీలోకి నెట్టేస్తాం, అడుగున రెండంగుళాల నీళ్లు అలాగే ఉంటాయి. నీళ్లు తీసేసినా పక్క గోడలకు గుడ్లు మిగిలి ఉండవచ్చు. అందుకే అటకెక్కించే ముందు లోపలంతా రుద్ది ఎండబెట్టాలి, పాత గడ్డి ప్యాడ్లను పారేయాలి.

ఇంత చేసినా జ్వరం రావచ్చు. అప్పుడు సొంత వైద్యం ప్రమాదం. ఒళ్లునొప్పులు భరించలేక వేసుకునే ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు డెంగీలో రక్తస్రావాన్ని పెంచగలవు. జ్వరానికి డాక్టరు చెప్పిన మోతాదులో పారాసెటమాల్, దండిగా ద్రవాలు. మొదటి ఐదు రోజుల్లో ఎన్ఎస్1 పరీక్ష, ఆ తర్వాత ఐజీఎం పరీక్ష డెంగీని పట్టిస్తాయి. చాలా ఇళ్లలో పొరబాటు జరిగేది జ్వరం తగ్గిన రోజున. మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య ఒళ్లు చల్లబడుతుంది, గండం గడిచిందనుకుంటారు. కొందరిలో అసలు ప్రమాద సమయం అప్పుడే మొదలవుతుంది. విడవని కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, మత్తుగా పడి ఉండటం లేదా విపరీతమైన చిరాకు, మూత్రం తగ్గిపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా రాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్లాలి. ప్లేట్‌లెట్ల అంకె చూసి రక్తనిధుల చుట్టూ పరుగులు తీయడం కన్నా ఈ లక్షణాలను కనిపెట్టడం ముఖ్యం. రక్తస్రావం లేనప్పుడు ప్లేట్‌లెట్లు పది వేల లోపుకు పడిపోతే తప్ప సాధారణంగా ఎక్కించాల్సిన అవసరం రాదు. బొప్పాయి ఆకు రసం తాగిస్తూ ఇంట్లో కూర్చుని పోగొట్టుకునే సమయం ఎంతో విలువైనది. జ్వరం ఉన్న ఆ వారమంతా రోగిని పగలు కూడా దోమతెరలో పడుకోబెట్టాలి. వైరస్‌ను ఇంట్లో మరొకరికి మోసుకెళ్లే దోమ ఆ మంచం దగ్గరికే వస్తుంది.